ఎంతమంది లోపలికి, ఎంతమంది పైకి

పోయిన వేసవిలో ఒక సాయంత్రం, మా బడిలో చదివే ఒక పిల్ల వాళ్ళ నాన్న మా ఇంటికి వచ్చాడు. బేల్దారి పని చేస్తాడాయన, మేస్త్రీ. చేతిసంచిలోంచి ఏడెనిమిది కాలేజీల పాంప్లెట్లు తీసి అరుగు మీద పరిచాడు. పెద్దమ్మాయి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంటర్ అయిపోయింది, ఎంసెట్‌లో, అదే ఇప్పటి ఈఏపీసెట్‌లో, ర్యాంకు వచ్చింది, ఇక వెబ్ ఆప్షన్లు పెట్టాలి. "మేడమ్ గారూ, అన్నిట్లోనూ ఉద్యోగాలు వస్తాయనే రాసుంది. ఎందులో చేరిస్తే మా పిల్లకి నిజంగా వస్తుందో మీరు చూసి చెప్పండి, తప్పు జరిగితే మళ్ళీ మార్చే స్తోమత నాకు లేదు" అన్నాడు.

లెక్కల టీచర్‌గా పంతొమ్మిదేళ్ళ సర్వీసు నాది, అంతా జడ్పీ హైస్కూళ్ళలోనే. ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు చెప్పగలిగిన జవాబు నా దగ్గర లేదు. రెండు రోజులు టైం అడిగాను. ఆ రెండు రోజుల్లో వెతికి తెలుసుకున్నదీ, ఇన్నేళ్ళుగా మా పిల్లల్ని చూసి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. పొడుగైపోతుందేమో, కానీ జూన్, జూలై వచ్చిందంటే ఎన్ని ఇళ్ళల్లో ఇదే టెన్షనో నాకు తెలుసు.

ముందు ఆ పాంప్లెట్ల సంగతి. ప్రతిదాని మీదా ఒక పిల్లాడి ఫోటో, పక్కన పెద్ద అక్షరాల్లో ఒక ప్యాకేజీ. అది ఆ ఏడాది ఆ కాలేజీ మొత్తంలో ఒక్కరికి వచ్చిన జీతం. ఆ పిల్లాడి కష్టాన్ని తక్కువ చెయ్యను, కానీ మేస్త్రీ గారి అమ్మాయికి ఆ అంకె ఏమీ చెప్పదు. కొన్నిట్లో సగటు జీతం వేశారు. పదో తరగతిలో సాంఖ్యక శాస్త్రం పాఠం చెప్పేటప్పుడు నేను ఏటా వేసే లెక్క ఒకటుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఏడాదికి 3 లక్షలు, ఒక్కడికి 40 లక్షలు వస్తే సగటు ఎంత? 6 లక్షల 70 వేలు. ఆ పదిమందిలో 6 లక్షల 70 వేలు తీసుకునేవాడు ఒక్కడైనా ఉన్నాడా? లేడు. అందుకే మధ్యగతం చూడమంటాం. ప్రేయర్‌లో పొట్టివాళ్ళ నుంచి పొడుగువాళ్ళ దాకా వరసగా నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడి ఎత్తు చూసినట్టు, జీతాల్ని వరసలో పెట్టి మధ్యలోవాడిది చూడాలి. ఇక్కడ మధ్యగతం 3 లక్షలు. మామూలు ఇంటి పిల్లకి, మామూలు ర్యాంకు పిల్లకి దగ్గరగా ఉండేది ఆ అంకే.

అయితే మధ్యగతం ఒక్కటీ చాలదని నాకు ఒక అమెరికా లెక్క చూశాక అర్థమైంది. రాజ్ చెట్టి అని ఢిల్లీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వెళ్ళిన ఆర్థికశాస్త్రవేత్త, ఆయన బృందం 2017లో ఒక పరిశోధన బయటపెట్టారు. మూడు కోట్ల మందికి పైగా కాలేజీ విద్యార్థుల వివరాలు, వాళ్ళ అమ్మానాన్నల ఆదాయం, చదువయ్యాక వాళ్ళ సంపాదన, అన్నీ పన్ను రికార్డుల నుంచి పేర్లు లేకుండా తీసుకుని, ఒక్కో కాలేజీకీ రెండు అంకెలు కట్టారు. ఒకటి, ఆ కాలేజీలో చేరిన పిల్లల్లో దేశంలోకెల్లా పేద ఐదో వంతు ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది. రెండు, అలా వచ్చినవాళ్ళలో ముప్పైల వయసొచ్చేసరికి సంపాదనలో పై ఐదో వంతుకి చేరింది ఎంతమంది. ఈ రెండిట్నీ గుణిస్తారు. అంతే లెక్క. గుణకారం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

లాస్ ఏంజెలెస్‌లో కాల్ స్టేట్ అనే ప్రభుత్వ యూనివర్సిటీ ఉంది. అమెరికా బయట దాని పేరు విన్నవాళ్ళు తక్కువ. అక్కడ చేరినవాళ్ళలో 33 శాతం ఆ పేద ఐదో వంతు ఇళ్ళ పిల్లలు, వాళ్ళలో దాదాపు 30 శాతం పైకి చేరారు. 33ని 30తో గుణించి వందతో భాగిస్తే 9.9. అంటే ఆ కాలేజీలో చేరిన ప్రతి వందమందిలో పదిమంది అట్టడుగు నుంచి వచ్చి పైకెళ్ళినవాళ్ళే. హార్వర్డ్, ప్రిన్స్‌టన్ లాంటి పన్నెండు పేరుమోసిన కాలేజీల్ని కలిపి చూస్తే చేరిన పేదపిల్లల్లో సగం మందికి పైగా పైకి వెళ్ళారు. మంచి మాటే. కానీ అసలు ఆ ఇళ్ళ నుంచి లోపలికి వెళ్ళినవాళ్ళు వందకి నలుగురు కూడా లేరు, అందుకని గుణిస్తే వచ్చేది 2.2. అమెరికా కాలేజీలన్నిటి సగటు 1.9. ఇంకో సంగతి కూడా ఆ పరిశోధనలో ఉంది. 38 కాలేజీల్లో, దేశంలో అత్యంత ధనవంతులైన ఒక్క శాతం ఇళ్ళ పిల్లలు, కింది అరవై శాతం ఇళ్ళ పిల్లలందరికన్నా ఎక్కువమంది ఉన్నారట.

ఇది చదివాక నేను మన కాలేజీల్ని చూసే పద్ధతే మారిపోయింది. రెండిట్లో ఏ అంకె సున్నా అయినా లబ్ధం సున్నానే కదా. ఐఐటీలో రెండో అంకె బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ నా పంతొమ్మిదేళ్ళలో మా బడి నుంచి ఐఐటీకి వెళ్ళినవాళ్ళు ఇద్దరే. ఇంకోవైపు మా పిల్లల్ని వందల్లో చేర్చుకున్న కాలేజీలు ఉన్నాయి, వాటిలో చదివి ఖాళీ చేతుల్తో వచ్చినవాళ్ళనీ చూశాను. రెండు అంకెలూ ఒకేసారి బాగున్న చోటు మన దగ్గర ఏదైనా ఉందా అని ఆలోచిస్తే నాకు వెంటనే తోచింది ట్రిపుల్ ఐటీ. అంటే హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్నది కాదు, మన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, నూజివీడు, ఇడుపులపాయ, బాసర.

2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ మూడు క్యాంపస్‌లూ ఒకేసారి మొదలుపెట్టింది. పదో తరగతి మార్కులు చూసి పల్లెటూళ్ళ పిల్లల్ని తీసుకుని, రెండేళ్ళు పీయూసీ (మన ఇంటర్ లాంటిది), నాలుగేళ్ళు ఇంజనీరింగ్, ఆరేళ్ళూ ఒకే చోట ఉంచి చదివించడం దాని పద్ధతి. మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో రైతు ఇంట్లో పుట్టి, కంప్యూటర్ రంగంలో నోబెల్ లాంటిదని చెప్పుకునే ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్నాయన. పల్లె పిల్లల చేతికి కంప్యూటర్ ఇచ్చి దానితోనే చదువు చెప్పాలన్న పట్టుదల ఆయనది. ఆ రోజుల్లో మా బడిలో కంప్యూటర్ గది ఉండేది కానీ దాని తాళం హెడ్మాస్టర్ గారి బీరువాలో ఉండేది.

మొదటి జాబితా వచ్చిన రోజు నాకు ఇప్పటికీ గుర్తే. మా బడి నుంచి ఒక్క అమ్మాయికి నూజివీడులో సీటు వచ్చింది. నేను ఉద్యోగంలో చేరి ఎక్కువ కాలం కాలేదు. వాళ్ళమ్మ పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది, నాన్న లేడు. "ఆడపిల్లని ఆరేళ్ళు అంత దూరం ఎట్టా పంపించేది టీచరమ్మా, ఊళ్ళో ఏమంటారు" అని ఆవిడ ఏడుపు. ఆ ఊరి పెద్దమనుషులతో మాట్లాడించి, చివరికి నేనూ వస్తానని చెప్పి, ఒంగోలు నుంచి విజయవాడ, విజయవాడ నుంచి నూజివీడు, ముగ్గురం బస్సుల్లో వెళ్ళాం. మామిడి తోటల మధ్య రోడ్డు. క్యాంపస్‌లో ఇంకా కట్టుబడి పనులు నడుస్తున్నాయి. ఎక్కడ చూసినా మా పిల్ల లాంటి పిల్లలే, ఎక్కడ చూసినా మా పిల్ల వాళ్ళమ్మ లాంటి అమ్మలే, రేకు పెట్టెలు, ప్లాస్టిక్ బకెట్లు, మడత నలగని కొత్త బట్టలు. నాకు ధైర్యం వచ్చింది ఆ జనాన్ని చూశాకే. ఇక్కడ ఈ పిల్లని చూసి చిన్నచూపు చూసేవాళ్ళెవరూ ఉండరు, అందరిదీ ఒకే బతుకు అనిపించింది. చదువు బాగుంటుందో లేదో ఆ రోజు నాకు తెలియదు.

మొదటి ఏడాది ఆ పిల్ల పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. పదేళ్ళు తెలుగు మీడియంలో చదివిన పిల్లకి ఒక్కసారిగా పాఠాలన్నీ ఇంగ్లీషులో. కొన్ని పాఠాలు తెర మీద వీడియోల్లో వచ్చేవని, అర్థం కాకపోతే ఆపి అడగడానికి తెరకి చెవులుండవు కదా టీచర్ అని సెలవులకి వచ్చినప్పుడు చెప్పింది. "త్రిభుజం" అని తెలుసు, "ట్రయాంగిల్" అంటే అదేనని తెలియడానికి ఒక నెల పట్టిందట. నేను లెక్కల పదాలన్నీ తెలుగూ ఇంగ్లీషూ పక్కపక్కన రాసి ఒక నోట్‌బుక్ చేసి ఇచ్చాను. ఇప్పటికీ ట్రిపుల్ ఐటీకి వెళ్ళే ప్రతి పిల్లకీ ఆ నోట్‌బుక్ జిరాక్స్ ఇస్తుంటాను, అదొక అలవాటైపోయింది.

2014లో బయటికొచ్చింది. ఒక పెద్ద ఐటీ కంపెనీలో ఏడాదికి 3 లక్షల చిల్లర జీతం. ఫ్లెక్సీ మీద వేసుకునే అంకె కాదు అది. ఆ డబ్బుతో ఏమైందో చెప్తాను. మొదటి రెండేళ్ళలో, రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు తీరింది. తమ్ముడు పాలిటెక్నిక్‌లో చేరాడు. నాలుగో ఏడు వాళ్ళమ్మ గ్రేడింగ్ మానేసింది, పొగాకు ఘాటుకి ఆవిడకి ఎప్పుడూ దగ్గే. ఆరో ఏడు రేకులు తీసేసి శ్లాబు వేశారు. ఈలోపు అమ్మాయి రెండు కంపెనీలు మారింది, ఇప్పుడు బెంగళూరులో ఉంది, జీతం ఎంతని నేను అడగను కానీ మా బడికి రెండు కంప్యూటర్లు కొనిచ్చింది. ఈ తాళం నా దగ్గరే ఉంటుంది.

తర్వాతి ఏళ్ళలో మా బడి నుంచి ఇరవై ఏడుమంది వెళ్ళారు. 2016లో ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లు కూడా మంజూరయ్యాయి. రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణకి వెళ్ళింది. ఇప్పుడు ఆంధ్రాలో నాలుగూ కలిపి 4,400 సీట్లు, పదో తరగతి రాసే పిల్లలేమో ఆరు లక్షల దాకా. వందకి ఒక్క సీటు కూడా పడదు. ఎంపికైనవాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ, ప్రభుత్వ బడి పిల్లలూ చాలామంది. దీని వెనకాల ఒక చిన్న నియమం ఉంది, నా దృష్టిలో మొత్తం వ్యవస్థకి గుండెకాయ అదే. గ్రేడ్ పాయింట్లు ఉన్న రోజుల్లో, హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడిలో చదివిన పిల్లకి పదికి 0.4 అదనంగా కలిపేవాళ్ళు, వెనుకబాటు స్కోరు అని. ఇప్పుడు మార్కులొచ్చాక నాలుగు శాతం. నాలుగు శాతమే కదా అనిపిస్తుంది. పదికి పది తెచ్చుకున్నవాళ్ళు వేలల్లో ఉండే చోట ఆ 0.4 లేకపోతే మా బడి నుంచి ఆ ఇరవై ఏడుమందిలో ఒక నలుగురైదుగురు వెళ్ళేవాళ్ళేమో. పొలం పనికి పోయి వచ్చి, రాత్రి అందరూ పడుకున్నాక చదివిన పిల్లకి వచ్చిన 9.7, ఏసీ క్లాసులో రోజుకి పన్నెండు గంటలు చదివిన పిల్లకి వచ్చిన పది, ఈ రెండూ ఒకటేనని, నిజానికి మొదటిదే కాస్త ఎక్కువని, ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్న సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

ఇంకోటి, పట్టుకున్న వయసు. మన దగ్గర పేదపిల్ల దారి తప్పేది ఇంజనీరింగ్‌లో కాదు, పదో తరగతి అయిన మే నెలలో. డబ్బున్న ఇళ్ళ పిల్లలు లక్షలు కట్టి కార్పొరేట్ ఇంటర్ కాలేజీకి వెళ్తారు, రెండేళ్ళు ఎంసెట్ కోసమే చదువుతారు. మా పిల్లలు మండలంలో ఉన్న జూనియర్ కాలేజీకి వెళ్తారు, అక్కడ ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉంటే అంతే సంగతులు. పదిలో ఇద్దరికీ ఒకే మార్కులు, ఇంటర్ అయ్యేసరికి ఒకరి ర్యాంకు మూడు వేలు, ఇంకొకరిది అరవై వేలు. ట్రిపుల్ ఐటీ ఆ రెండేళ్ళనీ తన కింద పెట్టుకుంది. మధ్యలో ఎంసెట్ లేదు, సీటు పోతుందన్న భయం లేదు. తిండి, మంచం, ల్యాప్‌టాప్, ఆరేళ్ళ నిశ్చింత. ఆ నిశ్చింత ఖరీదు ఎంతో ఉపాధి హామీ పనికి వెళ్ళే ఇంటి పిల్లకే తెలుస్తుంది. ఇంకా చెప్పాలంటే సీనియర్లు. మా పిల్లల్లో కనీసం పదిమందికి ఉద్యోగం ఇప్పించింది ముందు బ్యాచ్‌వాళ్ళ రిఫరెన్సే. అమ్మానాన్నలకి ఆఫీసుల్లో తెలిసినవాళ్ళెవరూ లేని పిల్లకి, ఒక్క క్యాంపస్ అన్నయ్యో అక్కయ్యో కంపెనీ లోపల ఉండటం ఎంత బలమో!

అన్నీ బాగున్నాయని మాత్రం చెప్పను. 2022 జూన్‌లో బాసర పిల్లలు వేలమంది దాదాపు వారం రోజులు ఎండకీ వానకీ ఓర్చుకుని బైఠాయించడం మనందరం టీవీల్లో చూశాం. వాళ్ళు అడిగినవి శాశ్వత వైస్ ఛాన్సలర్, చాలినంతమంది అధ్యాపకులు, తినగలిగే తిండి, ల్యాప్‌టాప్‌లు. పిల్లలు రోడ్డెక్కి అడగాల్సినవా అవి? పదిహేనేళ్ళకి ఇల్లు వదిలిన పిల్లలు కొందరు ఆ ఒంటరితనాన్ని తట్టుకోలేకపోయారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి, ఆ వార్త వచ్చిన ప్రతిసారీ నేను మా పిల్లలందరికీ వరసగా ఫోన్లు చేస్తాను. మా బడి నుంచి వెళ్ళిన ఒక అబ్బాయి మూడు నెలలకే వెనక్కి వచ్చేశాడు. వాడు వెళ్ళేముందు నేను కూర్చుని సరిగ్గా మాట్లాడలేదు, సీటు వచ్చిందన్న సంతోషంలో ఉండిపోయాను. ఇప్పుడు వెళ్ళే ప్రతి పిల్లకీ చెప్తాను, మొదటి మూడు నెలలూ ఏడుపు వస్తుంది, అందరికీ వస్తుంది, వారానికోసారి నాకు ఫోన్ చెయ్యి, రావాలనిపిస్తే వచ్చెయ్యి, ఏం కొంపలు మునిగిపోవు అని.

ఇక రెండో రకం అనుభవం. మా తమ్ముడిది. 2009లో ఇంజనీరింగ్‌లో చేరాడు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కొత్తగా వచ్చిన రోజులు. అంతకు ముందు మా ఇంట్లో ఇంజనీరింగ్ అన్న మాటే లేదు, ఆ పథకం లేకపోతే వాడు ఐటీఐతో ఆగేవాడు, అందుకని ఆ పథకాన్ని నేను ఎప్పటికీ తప్పు పట్టను. లక్షల ఇళ్ళకి మొదటి అంకెని అది తెచ్చిపెట్టింది. కానీ ఆ డబ్బు వస్తుందని తెలిసి కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి, ఉమ్మడి రాష్ట్రంలో ఒక దశలో 700కు పైగా ఇంజనీరింగ్ కాలేజీలు. మా తమ్ముడు చేరింది అలాంటి ఒకదాంట్లో, పేరు రాయను. ల్యాబ్‌లో నలభై మందికి మూడు ఆసిలోస్కోపులు, వాటిలో ఒకటి పనిచేసేది. పాఠం చెప్పే సారు నిరుడు అదే కాలేజీలో పాసైనవాడు. నాలుగేళ్ళలో క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలు రెండు, రెండూ మార్కెటింగ్ ఉద్యోగాలే. పాసయ్యాక సర్టిఫికెట్లు ఇవ్వమంటే, ప్రభుత్వం నుంచి మీ బ్యాచ్ రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, ఆ డబ్బు మీరు కట్టి తీసుకెళ్ళండి, వచ్చాక తిరిగి ఇస్తాం అన్నారు. నేను పీఎఫ్ లోన్ పెట్టి కట్టాను. తిరిగి రాలేదు. ఈలోపు బ్యాంకు పరీక్షకి సర్టిఫికెట్ వెరిఫికేషన్ తేదీ ఒకటి దాటిపోయింది. వాడు ఇప్పుడు మొబైల్ టవర్ల కంపెనీలో సూపర్‌వైజర్, బాగానే ఉన్నాడు, కానీ ఆ నాలుగేళ్ళూ వాడికి ఏం ఇచ్చాయో నాకు చెప్పడం రాదు. సర్టిఫికెట్ల మాట ఈ రోజుకీ ప్రతి ఊళ్ళో వింటున్నదే. ప్రభుత్వం బాకీ, కాలేజీ పట్టు, మధ్యలో నలిగేది పిల్ల.

అందుకే పథకం ఉందా లేదా అని మాత్రమే అడగొద్దు, దాంతో చేరిన పిల్లలు ఎక్కడ తేలారో కూడా అడగాలి అంటున్నాను. మన దగ్గర అమెరికాలోలాగా తల్లిదండ్రుల ఆదాయాన్నీ పిల్లల సంపాదననీ కలిపి కాలేజీవారీగా చూపే లెక్క లేదు. కానీ దానికి దగ్గరగా ఒకటి ఉంది, చాలామంది చూడరు. కేంద్ర ప్రభుత్వం 2016 నుంచి ఏటా దేశంలోని కాలేజీలకి ఎన్‌ఐఆర్‌ఎఫ్ అని ర్యాంకులు ఇస్తోంది కదా. ర్యాంకు సంగతి అలా ఉంచండి. దానికి దరఖాస్తు చేసే ప్రతి కాలేజీ ఒక పీడీఎఫ్ ఇవ్వాలి, తన వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి. అందులో ఏ ఏడాది ఎంతమందిని చేర్చుకున్నారు, వాళ్ళలో ఎంతమంది నాలుగేళ్ళలో గట్టెక్కారు, ఎంతమందికి ప్లేస్‌మెంట్, వాళ్ళ జీతాల మధ్యగతం ఎంత, ఎంతమంది పై చదువులకి వెళ్ళారు, వరసగా గళ్ళల్లో ఉంటాయి. ఇంకో పట్టికలో ఆర్థికంగా వెనుకబడినవాళ్ళు ఎంతమంది, పూర్తి ఫీజు ప్రభుత్వం కట్టేవాళ్ళు ఎంతమంది అని కూడా ఉంటుంది. అంకెలు కాలేజీ స్వయంగా ఇచ్చుకునేవే, కాబట్టి వాటినే వేదంలా తీసుకోవద్దు, కానీ పాంప్లెట్ కన్నా వెయ్యి రెట్లు నయం.

అందులో ఒక్క చోట జాగ్రత్త. ఉదాహరణకి ఒక కాలేజీలో 240 మంది చేరారనుకుందాం. 150 మంది టైంకి పాసయ్యారు. బ్యాక్‌లాగ్స్, అంటే తప్పిన సబ్జెక్టులు, ఎప్పుడూ లేని 100 మందిని మాత్రమే ప్లేస్‌మెంట్‌కి కూర్చోనిచ్చారు. 80 మందికి ఉద్యోగం వచ్చింది. పాంప్లెట్‌లో ఏముంటుంది? 80 శాతం ప్లేస్‌మెంట్స్. అబద్ధం కాదు, హారం మార్చారు, అంతే. మన పిల్ల మాత్రం ఆ 240 మందిలో ఒకతెగా చేరుతుంది. 80 బై 240, మూడింట ఒక వంతు. మూడో తరగతి పిల్లకి వచ్చే భాగహారం ఇది, దీని మీద ఇళ్ళూ పొలాలూ తాకట్టు పెడుతున్నాం.

జీతం అంకె చూసినప్పుడు ఇంకో మాట. పెద్ద ఐటీ సర్వీస్ కంపెనీల్లో ఫ్రెషర్ జీతం పదేళ్ళ పైనుంచీ ఏడాదికి 3 లక్షలకీ 4 లక్షలకీ మధ్యే తిరుగుతోంది. ధరలు అలాగే ఉన్నాయా? లేవు. అందుకని మధ్యగతం 3 లక్షల 50 వేలు అని కనిపిస్తే, హైదరాబాద్‌లో హాస్టల్‌కీ తిండికీ పోను ఇంటికి పంపేది ఎంతో అక్కడే లెక్క కట్టుకోవాలి. అందుకే ఫీజు రెండో ప్రశ్న కాదు, మొదటి ప్రశ్నలోనే భాగం. ఏటా బస్సుకీ హాస్టల్‌కీ రీయింబర్స్‌మెంట్ దాటిన ఫీజుకీ కలిపి లక్ష అప్పు చేసి నాలుగేళ్ళు చదివి, ఆ జీతం తెచ్చుకుంటే ఆ అప్పు తీరడానికే మూడేళ్ళు పడుతుంది. యూనివర్సిటీ కాలేజీలు, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లు, తెలంగాణలో 2016 నుంచి ఆడపిల్లల కోసం పెట్టిన గురుకుల డిగ్రీ కాలేజీలు, కర్నూలులో 1972 నుంచీ ఉన్న సిల్వర్ జూబ్లీ కాలేజీ, ఇలాంటివాటిని మన వాళ్ళు పాంప్లెట్ లేదని వదిలేస్తారు. మా బంధువుల్లో ఒకాయన సిల్వర్ జూబ్లీలో డిగ్రీ చదివి గ్రూప్ వన్ ఆఫీసర్ అయ్యారు. వాళ్ళ నాన్న జీతగాడు.

మేస్త్రీ గారి దగ్గరికి తిరిగి వస్తాను. రెండు రోజులు ఆ పీడీఎఫ్‌లు దించుకుని, ఒక తెల్లకాగితం మీద గళ్ళు గీసి, ఎనిమిది కాలేజీలకీ నాలుగేసి అంకెలు రాశాను. చేరింది, టైంకి పాసైంది, ఉద్యోగం వచ్చింది, మధ్యగతం. మూడు కాలేజీలకి ఆ ఫైల్ అసలు దొరకలేదు, వాటికి ఎదురుగా గీత పెట్టాను. ఆయనకి చదవడం కొంచెమే వచ్చు కానీ కొలతలు వచ్చు, సిమెంటూ ఇసకా పాళ్ళు నోటి లెక్కతో చెప్తాడు. కాగితం చూసి రెండు నిమిషాల్లో అడిగాడు, "అయితే మేడమ్, ఈ గీతలున్నవాళ్ళు చెప్పటంలేదంటే వాళ్ళ దగ్గర చెప్పుకోవటానికి లేదనేగా?" అలా అని ఖాయంగా అనలేం, అడిగి చూడండి అన్నాను. వెళ్ళి అడిగాడు. కూలి మానుకుని ఒక రోజంతా తిరిగాడు. ఒక ఆఫీసులో, నీకెందుకయ్యా ఇవన్నీ, సీటు కావాలా వద్దా అన్నారట. ఇంకోచోట ఒక పెద్దాయన కూర్చోబెట్టి, రిజిస్టర్ తీసి, బ్రాంచివారీగా చెప్పారట. ఆయన చెప్పిన అంకెలు గొప్పగా లేవు, అయినా చెప్పారు. మేస్త్రీ గారికి ఆ కాలేజీ మీద గౌరవం కలిగింది, నాకూ కలిగింది.

ఆఖరికి ఆ అమ్మాయి ఆప్షన్లలో ముందు పెట్టింది ఒక యూనివర్సిటీ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచి. ప్రైవేటులో కంప్యూటర్ సైన్స్ వచ్చేది. దీని గురించి ఇంట్లో పెద్ద గొడవే జరిగింది, వాళ్ళ మేనమామ నాకు ఫోన్ చేసి మా పిల్ల జీవితం పాడు చేస్తున్నారమ్మా అన్నాడు. నేను చెప్పగలిగినంత చెప్పాను. ఫీజు తక్కువ, ల్యాబులు ఉన్నాయి, చేరినవాళ్ళలో ఎక్కువమంది గట్టెక్కుతున్నారు, కోర్ కంపెనీలు, అంటే సొంత బ్రాంచి పని ఇచ్చేవి, కాకపోతే పీజీకి గేట్, కరెంటు సంస్థలు ట్రాన్స్‌కో, జెన్‌కో పరీక్షలు ఉన్నాయి. నా మాట తప్పు కావచ్చు కూడా. నాలుగేళ్ళ తర్వాత ఏమవుతుందో ఆ పిల్లే నాకు చెప్పాలి. మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాయి, అన్నీ పాసైంది.

మొన్న పేరెంట్స్ మీటింగ్‌కి మేస్త్రీ గారు వచ్చాడు. నేను గళ్ళు గీసిచ్చిన కాగితం నాలుగు మడతలు పెట్టి ఇంకా చొక్కా జేబులోనే ఉంచుకున్నాడు, మడతల దగ్గర చిరిగితే టేపు వేయించాడు. చిన్నమ్మాయి ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. లెక్కల్లో నిలకడగా తొంభై దాటుతోంది. "దీనికి నూజివీడు వస్తదంటారా మేడమ్ గారూ" అని అడిగాడు. సోమవారం నుంచి సాయంత్రం ఒక గంట ఆపి చదివిస్తానని చెప్పాను, ఇంటికి వెళ్ళేసరికి చీకటి పడుతుంది, ఎవరో ఒకరు వచ్చి తీసుకెళ్ళాలి అన్నాను. పని దగ్గరినుంచి నేరుగా తనే వస్తానన్నాడు.